రోజూ గ్లాసెడు నీళ్లు ఎవరు పొయ్యమన్నారు?

ప్రశ్న: మేడమ్, సంక్రాంతికి రాజమండ్రి వెళ్లి వస్తూ కడియం నర్సరీలో మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, స్నేక్ ప్లాంట్ కొన్నాను. హాల్లో టీవీ పక్కన తెల్లటి పింగాణీ కుండీల్లో పెట్టి, రోజూ పొద్దున్నే ఒక్కోదానికి గ్లాసెడు నీళ్లు పోస్తున్నాను. రెండు నెలలకే మనీ ప్లాంట్ ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయింది. కుండీల మీద సన్నటి నల్ల దోమలు. నా చెయ్యి మంచిది కాదంటున్నారు మా అత్తగారు.
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: చెయ్యి మంచిదేనమ్మా, కాస్త ధారాళం ఎక్కువ. ముందు ఆ పింగాణీ కుండీ ఎత్తి అడుగు చూడండి. చిల్లు ఉండి ఉండదు. నెలకి 30 గ్లాసులు పోశారు, పోయే దారి లేదు. వేళ్లకి నీళ్లతో పాటు గాలీ కావాలి. మట్టి సందులన్నీ నీళ్లతో నిండితే ఊపిరాడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కనక పైన ఆకులు వడిలిపోతాయి. మనమేమో 'అయ్యో, దాహమేస్తోంది' అని ఇంకో చెంబు పోస్తాం. నేనూ ఒక అగ్లోనిమా మొక్కను 400 రూపాయలు పెట్టి కొనుక్కొచ్చి మరీ ఇలాగే ముంచేశాను. కుండీలోంచి తీస్తే మురిక్కాలవ వాసన.

ఇక వెలుతురు. నర్సరీలో గ్రీన్ నెట్ కింద పగలంతా వెలుగు చూసిన మొక్క అది. టీవీ పక్కన మనకి బాగానే కనిపిస్తుంది కానీ మొక్కకి మసక చీకటే. వెలుగు తగ్గితే అది తాగే నీళ్లూ తగ్గుతాయి. బాల్కనీ తలుపుకి రెండు మూడు అడుగుల లోపలికి మార్చండి. పడమటి ఎండ నేరుగా పడితే మాత్రం పీస్ లిల్లీ ఆకులు మాడతాయి.

ఆదివారం పాత పేపర్లు పరిచి మూడింటినీ బయటికి తీయండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లు ఉంచి, నల్లబడి నలిపితే పొట్టు ఊడొచ్చేవి కత్తిరించేయండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు ముతక ఇసుక, గుప్పెడు వర్మికంపోస్టు కలిపి చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో నాటండి. దాన్ని మీ పింగాణీ కుండీలో కూర్చోబెడితే షోకూ పోదు. కాకపోతే నీళ్లు పోసిన అరగంటకి అడుగున చేరినవి పారబోయాలి. స్నేక్ ప్లాంట్‌కి మెత్తబడిన ఆకు మీద ఆశ వదులుకోండి. దుంప గట్టిగా ఉంటే బతుకుతుంది. నాటాక పది రోజులు దాని జోలికే పోకండి.

మళ్లీ ఎప్పుడు పోయాలంటారా? వారానికి ఇన్నిసార్లని చెప్పను. ఆషాఢం ముసురుకీ మే నెల ఎండకీ ఒకే లెక్క కుదరదు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగిలితే మానేయండి. కొన్నాళ్లకి వేలూ అక్కర్లేదు. గ్యాస్ సిలిండర్ కాస్త ఎత్తి నిండుదో ఖాళీదో చెప్పేస్తాం చూడండి, కుండీ కూడా అంతే. పీస్ లిల్లీ అయితే తానే చెబుతుంది. దాహమేస్తే అలిగిన పిల్లలా మొత్తం వాలిపోయి, నీళ్లు పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. మట్టి తడిగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్లిందేమో చూసుకోవాలి.

ఆ దోమలు కుట్టవు, టెన్షన్ వద్దు. వాటి పిల్లపురుగులు తడి పైమట్టిలో పెరుగుతాయి. పై అంగుళం ఎండనిస్తూ ఉంటే నెమ్మదిగా తగ్గుతాయి.

ప్రశ్న: ఆర్వో ఫిల్టర్ నుంచి పోయే నీళ్లు వృథా చేయడమెందుకని మొక్కలకి పోస్తున్నాను. ఆకుల చివర్లు గోధుమ రంగులోకి మాడుతున్నాయి. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్.
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: పొదుపు మంచిదే బాబూ, చోటు మార్చండి. ఫిల్టరు ఆపిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. కుండీ అంచున తెల్లగా పేరుకుందేమో చూడండి. వాటిని బాత్రూం కడగడానికి వాడి, మొక్కలకి నల్లా నీళ్లు దొరికితే అవి, వానాకాలంలో బాల్కనీలో పట్టిన బకెట్ నీళ్లు పోయండి. ఒకసారి మంచి నీళ్లు అడుగు చిల్లులోంచి బాగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. మాడిన చివర మళ్లీ పచ్చబడదు, కత్తెరతో తీసేయండి. కొత్త ఆకు వచ్చాక దాని చివర చూసి నాకు రాయండి.