డెక్‌కు స్టెయిన్ వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంటి వెనుక ఉన్న చెక్క డెక్‌కు, అంటే పలకలు పరిచిన ఆరుబయటి అరుగుకు, ఈసారి స్వయంగా స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు ద్రవం) వేయాలనుకుంటున్నావని, ఏ రంగు తీసుకుంటే బాగుంటుందో చెప్పమని రాశావు. రంగు సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో డబ్బా మూత తీయడానికి ముందు జరిగేదే ముప్పాతిక వంతు. గోడకు వేసే పెయింటు పైన పొరగా నిలుస్తుంది. స్టెయిన్ మాత్రం చెక్క నారలోకి ఇంకితేనే నిలుస్తుంది. అలా ఇంకకుండా అడ్డుపడే మట్టిని, పాచిని, పాత పూతను, చచ్చిన నారను, అన్నిటికంటే ముఖ్యంగా తడిని వదిలించుకోవడమే నీవు చేయవలసిన అసలు పని.

మొదట డెక్ దృఢంగా ఉందో లేదో చూడు. స్తంభాల మొదళ్ల దగ్గర, మెట్లు ఆనిన చోట, ఇంటి గోడకు డెక్ కలిసే దూలం దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడు. మొన సులువుగా లోపలికి దిగితే ఆ చెక్క పుచ్చిపోయిందని అర్థం. దాన్ని మార్చాలే తప్ప పైన ఏమి పూసినా ప్రయోజనం లేదు. పైకి లేచిన మేకులను పీకి, వాటి స్థానంలో తుప్పు పట్టని స్క్రూలు బిగించు. పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న ఆకులను, మట్టిని పలుచని కత్తితో గీకి తీసెయ్యి. ఆ చెత్త నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి పలకలు సాధారణంగా ఆ అంచుల నుంచే పాడవుతాయి.

ఆ తర్వాత కడగడం. బూడిద రంగుకు తిరిగిన పలకను అరచేత్తో గట్టిగా రుద్ది చూడు, సన్నని పొడి చేతికి అంటుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరిచివేయడం వల్ల విడిపోయిన నార అది. దాని మీద స్టెయిన్ వేస్తే, ఆ నార రాలినప్పుడు స్టెయిన్ కూడా దానితోనే రాలిపోతుంది. దీన్ని వదిలించడానికి సోడియం పెర్కార్బొనేట్ ఉన్న డెక్ క్లీనర్ వాడు. నీటిలో కలపగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేసి పాచిని, మురికిని వదులు చేస్తుంది. పలకలను ముందుగా తడిపి, ద్రావణం పోసి, పది పదిహేను నిమిషాలు ఆరకుండా చూసుకుంటూ గట్టి నైలాన్ బ్రష్‌తో నార దిశలోనే రుద్ది, ధారాళంగా కడిగెయ్యి. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు. అది రంగును తెల్లబరుస్తుంది గాని నారను దెబ్బతీస్తుంది. ఇనుప పీచు కూడా వద్దు, ఎందుకంటే దాని నుంచి రాలిన సన్నని తునకలు చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి నల్లని మచ్చలుగా మిగిలిపోతాయి.

క్లీనర్ క్షార గుణం వల్ల చెక్క కొంచెం నల్లబడుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న బ్రైటెనర్‌ను నీళ్లలో కలిపి పూసి కడిగితే ఆ క్షారం విరిగి చెక్క అసలు ఛాయ తిరిగి వస్తుంది; మేకుల చుట్టూ ఉన్న నల్లమచ్చలు కూడా చాలావరకు పోతాయి. అది విషపదార్థం, కనుక చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. క్లోరిన్ బ్లీచ్‌తో దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పక్కనున్న మొక్కలను ముందుగా నీటితో తడిపి కప్పి ఉంచు. ప్రెషర్ వాషర్, అంటే నీటిని ఒత్తిడితో చిమ్మే యంత్రం, అద్దెకు తెస్తానన్నావు గాని, అది తొందరగా పని ముగించినట్టే కనిపించి మెత్తని చెక్కను చీల్చి గాడులు పెడుతుంది. తప్పదనుకుంటే విశాలంగా చిమ్మే నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి, మెత్తని చెక్కకు 500, 600 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి దాటకుండా వాడు.

ఇక్కడి నుంచి ఓపిక కావాలి. కడిగిన చెక్క పైకి ఒక పూటలో ఆరినట్టు కనిపించినా లోపలి తడి పోవడానికి కనీసం రెండు రోజుల మంచి ఎండ కావాలి, వాతావరణం చెమ్మగా ఉంటే ఇంకా ఎక్కువ. తేమ మీటరు దొరికితే 15 శాతం కంటే తక్కువ చూపేదాకా ఆగు. లేకపోతే పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడు: అవి రెండు మూడు నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధంగా ఉంది, ముత్యాల్లా పైనే నిలిస్తే ఇంకా తడి గాని, పాత పూత గాని ఉందన్నమాట. పుచ్చిపోకుండా రసాయన శుద్ధి చేసిన కొత్త పలకలైతే తయారీలో ఎక్కిన తడి పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తడి చెక్క మీద వేసిన స్టెయిన్ ఇంకక, పొట్టులా లేచిపోతుంది. తేమ తగ్గిందని నమ్మకం కుదిరేదాకా డబ్బా మూత తీయకు.

ఆరిన తర్వాత 60 నుంచి 80 గ్రిట్ (గరుకుదనాన్ని తెలిపే అంకె, అది పెరిగేకొద్దీ నునుపు) శాండ్ పేపర్‌తో నార దిశలో సాపు చెయ్యి. అంతకంటే నునుపు చేయాలని ముచ్చటపడకు. చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లోపలికి దిగదు. ఒకటే జాగ్రత్త: డెక్ ఇరవై ఏళ్లకు పైబడినదైతే, ఆర్సెనిక్ కలిసిన రసాయనంతో శుద్ధి చేసిన చెక్క కావచ్చు. అటువంటి చెక్కను సాపు చేయడం గాని, విరిగిన ముక్కలను కాల్చడం గాని మంచిది కాదు. రుద్దిన దుమ్మును వాక్యూమ్‌తో పూర్తిగా తీసెయ్యి.

ఇప్పుడు రంగు సంగతి. అతినీలలోహిత కిరణాలను ఆపేది ప్రధానంగా స్టెయిన్‌లోని రంగు రేణువులే. ఏ రంగూ లేని పారదర్శక పూత అందంగా ఉన్నా చెక్కను త్వరగా బూడిదబారనిస్తుంది. పూర్తిగా కప్పేసే ఘనమైన స్టెయిన్ ఎండకు బాగా తట్టుకుంటుంది గాని, నడిచే చోట పొరలుగా లేస్తుంది, ఆపైన దాన్ని గీకడం పెద్ద శ్రమ. అందువల్ల నీకు సెమీ ట్రాన్స్‌పరెంట్, అంటే నార కనిపిస్తూనే రంగు ఉన్న రకం, లోపలికి ఇంకే ఆయిల్ స్టెయిన్ తీసుకో. ఛాయ నీ ఇష్టం. డబ్బా మీద ఉన్న బొమ్మను నమ్మక, నీ చెక్క మీదే ఎవరికీ కనిపించని మూలలో పూసి, ఆరిన తర్వాత నిర్ణయించుకో. ఒకటి కంటే ఎక్కువ డబ్బాలుంటే అన్నిటినీ పెద్ద బకెట్‌లో కలిపేసుకో, లేకపోతే సగం డెక్ ఒక ఛాయలో, మిగతా సగం ఇంకో ఛాయలో తేలుతుంది.

పూసేటప్పుడు ఉష్ణోగ్రత 10 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, పలకల మీద నేరుగా ఎండ పడకూడదు, తర్వాత ఒకటి రెండు రోజులు వాన సూచన ఉండకూడదు. ఒకేసారి రెండు మూడు పలకలు మాత్రమే తీసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆగకుండా బ్రష్‌తో పూయి. పలక మధ్యలో ఆగిపోతే ఆరిన అంచు మీద మళ్లీ పడిన పూత నల్లని గీతగా మిగిలి, ఎప్పటికీ కంటికి తగులుతుంది. కోసిన చివర్లు ఎక్కువగా పీలుస్తాయి కాబట్టి అక్కడ నిండుగా పట్టించు. పది పదిహేను నిమిషాలకు ఇంకకుండా మిగిలిన దాన్ని గుడ్డతో తుడిచెయ్యి; వదిలేస్తే జిగటగా ఉండిపోతుంది. చెక్క ఇంకా పీల్చుకుంటే రెండో పూత, పీల్చకపోతే ఒకటే చాలు.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల విషయంలో మాత్రం నా మాట తప్పక విను. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను కుప్పగా పడేస్తే ఆ వేడి లోపలే పేరుకుని నిప్పు దానంతట అదే అంటుకోగలదు. పని ముగియగానే వాటిని విడివిడిగా పరిచి ఆరుబయట ఆరబెట్టు, లేదా నీళ్లు నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచి ఉంచు. ఇంట్లో చెత్తబుట్టలో వేయకు.

రెండు మూడేళ్లకోసారి నడిచే పలకలకు మళ్లీ పూత కావలసి వస్తుంది. నిలువు కటకటాలు మరికొంత కాలం ఆగుతాయి. నీటి చుక్కలు మళ్లీ ఇంకడం మొదలైనప్పుడే కడిగి, ఆరబెట్టి, ఒక్క పూత వేసెయ్యి. అప్పటికి పనికొచ్చేలా ఈసారి మిగిలిన డబ్బా మీద స్టెయిన్ పేరు, ఛాయ, తేదీ రాసి పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య