కరువు పట్టిన గ్రహం మీద ఒక జీవితకాలం: ‘ది ఇన్నర్ లైట్’

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో ఒక్క ఎపిసోడే చూడమంటే ఏది చెబుతారని అడిగారు. నా జవాబు ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ ఐదో సీజన్‌లోని ‘ది ఇన్నర్ లైట్’. 1992 జూన్ 1న ప్రసారమైంది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. కథ మొత్తం చెప్పకుండా ఎందుకు నచ్చిందో చెప్పలేను, కాబట్టి ముందు చూసి వస్తానంటే ఇక్కడే ఆపేయండి.

ఎంటర్‌ప్రైజ్ నౌకకు అంతరిక్షంలో ఒక పాత పరికరం ఎదురవుతుంది. దాని నుంచి వచ్చిన కిరణం తగిలి కెప్టెన్ పికార్డ్ కుప్పకూలిపోతాడు. కళ్లు తెరిస్తే కటాన్ అనే గ్రహం మీద రెస్సిక్ అనే ఊరు. ఈలిన్ అనే ఆమె తను ఆయన భార్యనని, జ్వరంతో పడి ఉన్నారని, పేరు కామిన్ అని చెబుతుంది. కొన్నేళ్లు నౌక కోసం వెతుకుతాడు. తర్వాత ఆ ఊరివాడైపోతాడు. పిల్లలు పుడతారు, భార్య పోతుంది, మనవడు వస్తాడు, ముసలివాడవుతాడు. నౌకలో మాత్రం గడిచింది అరగంట కూడా కాదు.

కామిన్‌గా పికార్డ్ వాయించిన వేణువు చివర్లో ఆయన చేతికే వస్తుంది, అందరూ దాని గురించే రాస్తారు. నాకు కరువే ముఖ్యం.

మాది జనగామ వైపు పల్లె. మా బాపు బోరు మీద బోరు వేయించిన మనిషి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లను పిలిపించి, ఈసారి తప్పకుండా పడతాయని నమ్మేవాడు. చెరువు మత్తడి దుంకిన ఏడాది గురించి ఇంట్లో పండగలా చెప్పుకునేవాళ్లం. అందుకే రెస్సిక్ ఊరి నడిబొడ్డున నాటిన చెట్టు నన్ను పట్టేసింది. నీళ్లు లెక్క చూసి వాడుకునే ఆ జనం తమ వాటాలోంచి కొంచెం తీసి ఆ చెట్టుకు పోస్తారు. కరువు చూడని వాళ్లకు అది ఒక వేడుకగా కనిపించవచ్చు. ఆ నీళ్లు ఎవరి నోటి దగ్గరివో మాకు తెలుసు.

హనుమకొండలో చదువుకునే రోజుల్లో మొదటిసారి చూశాను. తర్వాత సెలవుల్లో ఇంటికి పోయి, తెలుగులో చెప్పుకుంటూ బాపుకు చూపించాను. ఎంటర్‌ప్రైజ్ సంగతి ఆయన పట్టించుకోలేదు. కానీ కామిన్ కూతురు మెరిబోర్ మట్టిని పరీక్షించి, ఇది వచ్చిపోయే కరువు కాదని కనిపెట్టే చోట ముందుకు జరిగి కూర్చున్నాడు. “ఆ పిల్లకు భూమి సంగతి తెలుసురా” అన్నాడు. ఎపిసోడ్ రాసిన మోర్గాన్ గెండెల్, పీటర్ అలన్ ఫీల్డ్స్‌లకు ఇంతకంటే మంచి మెచ్చుకోలు ఉంటుందనుకోను.

ఆ సీన్ నిజంగా గొప్పది. తమ గ్రహం బతకదని తండ్రికీ కూతురికీ తెలిసిపోయింది. మాట వెంటనే ఆమె పెళ్లి మీదికి మళ్లుతుంది. ఇప్పుడే బతుకు, ఈ క్షణం మళ్లీ రాదు అంటాడాయన. ఊరి పెద్దకు కూడా నిజం ముందే తెలుసు, జనం భయపడతారని దాచాడు. విలన్ లేడు, యుద్ధం లేదు. వాళ్ల సూర్యుడే వాళ్లను చంపుతున్నాడు. చేయగలిగింది ఒక్కటే: తాము ఎలా బతికామో గుర్తుపెట్టుకునే మనిషి కోసం ఒక పరికరాన్ని ఆకాశంలోకి పంపడం. అది పికార్డ్‌కు తగిలేసరికి వాళ్లు పోయి వెయ్యేళ్లు.

ఆ పరికరంలో రాజుల చరిత్రో, విజ్ఞాన భాండాగారమో పెట్టలేదు. ఒక ఇంటి సంసారం పెట్టారు. ఈ నిర్ణయం వల్లే దీన్ని మిగతా అన్ని ఎపిసోడ్ల కంటే పైన పెడతాను. పికార్డ్‌గా పాట్రిక్ స్టీవర్ట్ నటన కూడా అంతే. యువకుడైన కొడుకు బటాయ్‌గా చేసింది ఆయన సొంత కొడుకు డేనియల్.

పాత సీజన్లు చూడకపోయినా అర్థమవుతుంది. ఇది చూశాక ఆరో సీజన్‌లోని ‘లెసన్స్’ వదలొద్దు. ఆ వేణువు అందులో మళ్లీ వస్తుంది, కటాన్‌లో బతికిన ఆ బతుకు గురించి పికార్డ్ ఒక మనిషి దగ్గర నోరు విప్పేది అక్కడే.