నొప్పి ఒక పక్కనే వస్తే తెల్లారేదాకా ఆగకు

చిట్టీ,

రాత్రి ఫోన్‌లో ఏడుస్తూ నువ్వు చెప్పింది సగమే అర్థమైంది. పొద్దున మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. పదకొండో వారం, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, కుడి ఓవరీలో, అంటే అండాశయంలో, 7 సెంటీమీటర్ల డెర్మాయిడ్ సిస్ట్ అనే గడ్డ. కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. మాటల్లో చెబితే మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

గడ్డ అనగానే అందరికీ క్యాన్సరే గుర్తొస్తుంది. కానీ కడుపుతో ఉన్నప్పుడు ఓవరీలో కనిపించే గడ్డల్లో క్యాన్సర్ అని తేలేవి చాలా తక్కువ. ఎక్కువగా ఉండేవి నీటి తిత్తులు. మొదటి వారాల్లో గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ తయారయ్యేది కూడా ఓవరీలోనే, చాలాసార్లు అక్కడే చిన్న తిత్తి కడుతుంది. మాయ ఆ పని అందుకున్నాక అది తనంతట తనే తగ్గిపోతుంది. పదహారో వారానికి చాలామందిలో జాడే ఉండదు.

డెర్మాయిడ్ అలా కరిగేది కాదు. ఎప్పటినుంచో నీలో ఉండి ఉంటుంది, ఇప్పుడు స్కాన్ తీశారు కాబట్టి బయటపడింది. థియేటర్లో మొదటిసారి ఒకటి ట్రేలో పెట్టి కోస్తే చూశాను. పేరుకున్న నెయ్యిలా పసుప్పచ్చటి కొవ్వు, అందులో చుట్టలు చుట్టుకున్న నల్లటి వెంట్రుకలు. ఒక్కోదాంట్లో పన్ను కూడా ఉంటుంది. అంతమాత్రాన అది ఎదగని కవల బిడ్డ కాదు. చేతబడి అంతకన్నా కాదు. ఇంట్లో ఎవరేమన్నా మనసులో పెట్టుకోకు.

ఇక నాకు భయమున్న సంగతి ఒకటే, మెలి పడటం. బరువెక్కిన ఓవరీ తన కాడ చుట్టూ తిరిగిపోతే, తడిగుడ్డ పిండినట్టు రక్తనాళాలు నొక్కుకుపోతాయి. గర్భసంచి పెరిగి పైకి లేచే నాలుగైదు నెలలదాకా, మళ్లీ కాన్పయ్యాక ఈ ప్రమాదం ఎక్కువ. నా డ్యూటీలో ఒకమ్మాయి తెల్లవారుజామున వచ్చింది. రాత్రంతా ఎడమ పక్క నొప్పి, వాంతులు. గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగించారట. పొట్ట తెరిచేసరికి ఓవరీ నేరేడు పండులా నల్లబడిపోయింది. బిడ్డ దక్కింది కానీ ఓవరీ తీసేయాల్సి వచ్చింది. నాలుగైదు గంటలు ముందొస్తే మెలి విప్పి కాపాడేవాళ్లేమో అని నాకిప్పటికీ బాధ.

అందుకే చెబుతున్నా. ఒక పక్కనే హఠాత్తుగా పొడిచినట్టు నొప్పి, దాంతోపాటు వాంతులు వస్తే మాత్రలు మింగి పడుకోవద్దు. అర్ధరాత్రయినా వెళ్లాలి. నొప్పి కాసేపు తగ్గి మళ్లీ వచ్చినా సరే. స్కాన్ రిపోర్టు ఫోటో అల్లుడి ఫోన్‌లో కూడా ఉంచు. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే "గర్భిణి, ఓవరీలో సిస్ట్ ఉంది, ఒక పక్క నొప్పి" అని మొదటి మాటగా అతను చెప్పాలి.

ఆపరేషన్ ఇప్పుడే చేయించేసుకుంటానన్నావు. నొప్పి లేనప్పుడు ఈ వారాల్లో సాధారణంగా చేయరు. 14 నుంచి 20 వారాల మధ్య మళ్లీ స్కాన్ చూసి, పెరుగుతోందో లేదో, లోపల అనుమానించే ఛాయలున్నాయో లేదో చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. అవసరమైతే ఆ రోజుల్లోనే లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ, తీస్తారు. లేకపోతే కనిపెట్టుకుని ఉంటారు. సిస్ట్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పదని ఎవరైనా అంటే నమ్మకు. దారికి అడ్డం లేకపోతే మామూలు కాన్పు అవుతుంది. వేరే కారణంతో సిజేరియన్ చేస్తే మాత్రం అప్పుడే సిస్ట్ కూడా తీయొచ్చు.

ఓవరీ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 125 రక్తపరీక్ష చేయించమని మీ ఫ్రెండ్ చెప్పిందన్నావు కదా, నీ అంతట నువ్వు ల్యాబ్‌కి వెళ్లకు. గర్భం మొదట్లో ఆ అంకె మామూలుగానే పెరుగుతుంది, అది చూసి ఇంకా టెన్షన్ పడతావు. స్కాన్‌లో స్పష్టత రాకపోతే ఎమ్మారై రాస్తారు. అందులో రేడియేషన్ ఉండదు, ఇలాంటప్పుడు స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా మామూలుగా ఇవ్వరు.

వీలైతే తర్వాతి స్కాన్ కూడా ఇదే సెంటర్లో తీయించు, కొలతలు పోల్చడం తేలిక. సోమవారం అపాయింట్‌మెంట్ అన్నావుగా, ఆదివారం సాయంత్రానికి నేనొస్తున్నా. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు, లోపలికి ఇద్దరం కలిసే వెళదాం.

మీ పెద్దమ్మ