ఈ వారం ఏం విందాం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ఆరాటం. వారం వారం ఇన్ని కొత్త పాటలు వస్తున్నాయి కదా, వాటిలో మంచివి మన దాకా వచ్చేదెలా అని. నాకు ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ నాది. బస్సులో, సి షిఫ్టు దిగి పడుకునే ముందు పాటలు వింటాను. ప్రపంచంలో ఎన్నో రకాల సంగీతం ఉందంటారు. నా ఫోన్ మాత్రం ఎప్పుడూ అవే పాటలు తిప్పి తిప్పి వినిపిస్తోంది. ప్రతి వారం కొత్తగా వచ్చేవి, అదీ రకరకాలవి, వినాలంటే ఏం చెయ్యాలి?
ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: తమ్ముడూ, ముందు ఫోన్ సంగతి చూద్దాం. ఏ పాట చివరిదాకా విన్నారు, ఏది మధ్యలో దాటేశారు, మీరు వినేవే వినే మిగతావాళ్లు ఇంకేం వింటున్నారు, ఇవన్నీ చూసుకుని యాప్ మీకు పాటలు పంపిస్తుంది. రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకునే ముందు అలవాటైన పాటే పెట్టుకుంటాడు. యాప్ మాత్రం మీకు కావలసింది ఎప్పటికీ అదేనని నమ్మేస్తుంది. స్పాటిఫైలో దీనికో మార్గం ఉంది. నిద్రకు ముందు వినే పాటలన్నీ ఒక ప్లేలిస్టులో పెట్టి, దాని పక్కన మూడు చుక్కలు నొక్కి, టేస్ట్ ప్రొఫైల్ నుంచి, అంటే మీ అభిరుచి గురించి యాప్ వేసుకున్న లెక్కలోంచి, దాన్ని తీసెయ్యండి. అప్పుడు మీకొచ్చే సిఫార్సుల మీద ఆ పాటల ప్రభావం తగ్గుతుంది.

కొత్తవి ఎప్పుడొస్తాయో కూడా తెలిసి ఉండాలి. 2015 జులై 10 నుంచి ప్రపంచంలో చాలా దేశాల రికార్డు కంపెనీలు కొత్త ఆల్బమ్‌లను శుక్రవారమే విడుదల చేస్తున్నాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. ఒక దేశంలో ముందొస్తే మిగతా దేశాల్లో పైరసీకి దారి ఇచ్చినట్టవుతోందని అందరూ ఒకే రోజుకు వచ్చారు. చాలా ఆల్బమ్‌లు ఏ దేశంలో ఆ దేశపు అర్ధరాత్రికి విడుదలవుతాయి, అంటే న్యూయార్క్ వాళ్లకంటే మనకే ముందు. కొందరు న్యూయార్క్ అర్ధరాత్రి లెక్కన వదులుతారు. అవి మనకు వేసవిలో ఉదయం 9.30కి, చలికాలంలో 10.30కి వస్తాయి. గురువారం రాత్రి మీరు సి షిఫ్టులో ఉంటే, శుక్రవారం పొద్దున దిగేసరికి చాలావరకు ఫోన్లోకి వచ్చేసి ఉంటాయి. తెలుగు సినిమా పాటలకు మాత్రం ఈ శుక్రవారం లెక్క లేదు. పండగో, హీరో పుట్టినరోజో, మంచి ముహూర్తమో చూసుకుని ఏ రోజైనా వదులుతారు.

స్పాటిఫైలో రిలీజ్ రాడార్, ఆపిల్ మ్యూజిక్‌లో న్యూ మ్యూజిక్ మిక్స్ అని కొత్త పాటల ప్లేలిస్టులుంటాయి, అవి శుక్రవారం మారతాయి. సోమవారం వచ్చే డిస్కవర్ వీక్లీ వేరు. అందులోని పాట మీకు కొత్త కావచ్చు గానీ, పుట్టింది ఎప్పుడో అయి ఉండొచ్చు. రిలీజ్ రాడార్‌లోకి రకరకాలవి రావాలంటే వినడంతో సరిపెట్టకుండా, నచ్చిన ప్రతి కళాకారుడి పేజీలోనూ ఫాలో నొక్కాలి.

యాప్ చేయగలిగింది ఇంతే. అసలు దారి క్రెడిట్స్, అంటే పాటకు పనిచేసినవాళ్ల పేర్లు, చదవడం. కొత్త సంగీతం దొరకడానికి నాకు తెలిసి అంతకంటే మంచి దారి లేదు.

విశాఖలో జగదాంబ దగ్గర క్యాసెట్ల షాపులో నేను కూర్చునే రోజుల్లో జనం పాటల లిస్టు కాగితం మీద రాసుకుని తెచ్చేవారు. ఖాళీ క్యాసెట్‌లోకి వరసగా ఎక్కించి ఇచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో పక్క ఆరు పాటలు పడితే, చివర్లో కాస్త టేపు మిగిలిపోయేది. ఆ మిగిలిన చోట నేను వాళ్లు అడగని ముక్క ఒకటి వేసేవాణ్ణి. లిస్టులో ఉన్న పాటలో వేణువు వాయించినాయన విడిగా వాయించిన రాగమో, ఆ గిటారిస్టు వేరే భాషలో వాయించిన పాటో అయ్యేది. ఆ పేర్లు కొన్ని క్యాసెట్ల లోపలి మడత కాగితం మీద సన్నటి అక్షరాల్లో ఉండేవి. కొందరు తర్వాతి వారం వచ్చి, ‘చివర్లో వేశారే, అదెవరిదండీ?’ అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే నేను ఆ షాపులో అన్నేళ్లున్నాను.

ఇప్పుడు ఆ కాగితం యూట్యూబ్‌లో వీడియో కిందికి వచ్చింది. ఈమధ్య వచ్చిన ఓ తెలుగు లిరికల్ వీడియో తెరిచి, కింద వివరాలన్నీ చదవండి. గాయకులు, రచయిత, సంగీత దర్శకుడి దగ్గర ఆగిపోకుండా ఇంకా కిందికి వెళ్తే కీబోర్డ్ ప్రోగ్రామింగ్, ఫ్లూట్, వీణ, పెర్కషన్, కోరస్, మిక్సింగ్, మాస్టరింగ్, రికార్డింగ్ స్టూడియో అని చాలావాటిలో ఒక్కొక్కరి పేరూ ఉంటుంది. ఫ్లూట్ వాయించినాయన పేరు పట్టుకుని వెతకండి. ఆయనకు ఏ ఫ్యూజన్ బ్యాండో ఉండొచ్చు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ ఏ జాజ్ బృందంలోనో వాయిస్తూ ఉండొచ్చు. వాళ్లను రికార్డు చేసిన ఇంజనీర్ రాజస్థాన్ జానపద గాయకులతో పని చేసి ఉండొచ్చు. వీళ్లందర్నీ ఫాలో చేస్తే వచ్చే శుక్రవారానికి మీ జాబితాలో ఇన్నాళ్లూ లేని గొంతులుంటాయి. స్పాటిఫైలోనూ పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ కనిపిస్తాయి.

ఇంకో సాయం రేడియో. అమెరికాలోని సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ అని ఉంది. శ్రోతల విరాళాలే దానికి పెద్ద ఆధారం. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వినొచ్చు. ఏ పాట వెయ్యాలో అక్కడి డీజేలే ఎంచుకుంటారు. వెబ్‌సైట్‌లో ఇప్పుడు నడుస్తున్న పాట పేరు, చాలాసార్లు దాని గురించి డీజే రాసిన నాలుగు మాటలు కూడా కనిపిస్తాయి. వాళ్ల పొద్దుటి కార్యక్రమం మనకు రాత్రి భోజనాల వేళకు వస్తుంది. సాయంత్రం డ్యూటీ ఉండే బి షిఫ్టు లేని రోజు చూడండి.

రకరకాలు అన్నారు కదా, అన్నీ ఒకేసారి మాత్రం వద్దు. నెలకో రకం పట్టుకోండి. దక్షిణాఫ్రికా అమాపియానోతో మొదలుపెట్టారనుకోండి. నిమిషానికి 110 దెబ్బలకు కాస్త అటూ ఇటూగా నింపాది నడక, అడుగున లాగ్ డ్రమ్ అనే బరువైన బేస్. ఒక్కో పాట ఆరేడు నిమిషాలు సాగుతుంది. గొంతు రావడానికే చాలాసేపు పడుతుంది. మొదలవగానే పల్లవి వినే అలవాటున్న మనకు ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ బేస్ ఎప్పుడు పడుతుందా అని చెవి దానంతటదే కాచుకుని ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో అది వినపడదు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఆ పై నెల పోర్చుగల్ ఫాడో వినండి. 12 తంత్రుల పోర్చుగీసు గిటార్, దాని పక్కన మామూలు గిటార్, బాధ దాచుకోని ఒక్క గొంతు. 2011లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. భాష తెలియకపోయినా ఆ గొంతు తిప్పే తీరు మనవాళ్లకు తొందరగా ఎక్కుతుంది. నచ్చకపోతే వదిలెయ్యండి. కానీ ఒక్క పాట విని కాదు, ఒక ఆల్బమ్ పూర్తిగా విన్నాక. గాజువాక నుంచి భీమిలి వెళ్లే పని ఎప్పుడైనా పడితే, బస్సు దిగేలోపు ఆల్బమ్ మొత్తం అయిపోతుంది.

ప్రశ్న: టీచర్‌గా రిటైరయ్యాను. కర్ణాటక సంగీతం తప్ప వేరేది వినను. అందులో కొత్త రిలీజు అనేది ఉంటుందా? అమ్మాయి ఫోన్లో యాప్ పెట్టి ఇచ్చింది గానీ, త్యాగరాజ కృతి అని వెతికితే ఎప్పటివో రికార్డులే వస్తున్నాయి.
ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఎందుకుండదు మేడమ్? కృతి పాతదే గానీ, ఆ రోజు ఆ కళాకారుడు చేసిన ఆలాపన, నెరవు, స్వరకల్పన అప్పటికప్పుడు పుట్టినవి. అందుకే కృతి పేరుతో కాకుండా తేదీతో వెతకాలి. యూట్యూబ్‌లో రాగం పేరు కొట్టి, ఫిల్టర్లలో ‘ఈ వారం’ అని పెట్టండి. ఇంగ్లిషులో టైప్ చేసేటప్పుడు తోడికి టి తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి వెతకండి. త్యాగరాజ పేరుకూ అంతే. రెంటికీ వేరు వేరు ఫలితాలు వస్తాయి.

పై జవాబులో క్రెడిట్స్ గురించి చెప్పింది మీకు ఇంకా బాగా పనికొస్తుంది. మీకిష్టమైన గాయకుల్ని ఎలాగూ వింటారు. వాళ్ల పక్కన వయొలిన్, మృదంగం వాయించిన వాళ్ల వెంట వెళ్లండి. మంచి మృదంగ విద్వాంసుడు పెద్దవాళ్లకీ వాయిస్తాడు, ఇప్పుడిప్పుడే పైకొస్తున్న పిల్లలకీ వాయిస్తాడు. ఆయన పేరుతో వెతికితే మీరెన్నడూ వినని యువ గాయకులు దొరుకుతారు. యాప్‌లోని ఆల్బమ్ మీద పక్కవాద్యాల పేర్లు తరచూ ఉండవు. కచేరీ వీడియో కింద చూడండి. చెన్నై డిసెంబరు సీజన్ కచేరీలు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు ఒక్కొక్కటే వస్తూ ఉంటాయి, మార్చి దాకా కన్నేసి ఉంచండి.

పిఠాపురం కాలనీలోని కళాభారతి మీకు దగ్గరే కదా. అక్కడ కచేరీకి వెళ్లినప్పుడు వేదిక మీద ఉన్న అందరి పేర్లూ రాసుకుని, ఇంటికొచ్చాక ఫోన్లో వెతకండి. వయొలిన్ వాళ్లవి మరీ ముఖ్యం. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ప్రాంతం మనది. ఇక్కడి వయొలిన్ విద్వాంసుల కొత్త రికార్డింగులు మనమే వెతక్కపోతే ఇంకెవరు వెతుకుతారు?

ప్రశ్న: ఉత్తరాంధ్ర జానపదాలంటూ యూట్యూబ్‌లో రోజూ ఏదో ఒకటి వస్తోంది, అన్నీ డీజే బీటే. జముకు, తప్పెటగుళ్లు, థింసా ఉన్నవి ఉన్నట్టుగా ఎవరైనా కొత్తగా రికార్డు చేస్తున్నారా?
ఓ పాఠకుడు, అనకాపల్లి

జవాబు: చేస్తున్నారు. కాకపోతే కంపెనీలు కాదు, ఊళ్లో కుర్రాళ్లు ఫోన్లతో తీసి పెడుతున్నారు. కాబట్టి కళ పేరు ఒక్కటే కొడితే చాలదు, దానికి జాతర పేరో ఊరి పేరో కలపండి. మీ నూకాలమ్మ జాతర, విజయనగరం పైడితల్లమ్మ పండగ, సంక్రాంతి అయిన వారంలో వెతికితే కొత్తవి ఎక్కువ దొరుకుతాయి. అరకు వైపు థింసా వీడియోల్లో ఆటను చూస్తూనే వాద్యాలనూ గమనించండి. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు. అవి ఇంత దగ్గరగా వినే అవకాశం ఇదివరకు అక్కడికి వెళ్తే తప్ప లేదు.

డీజే బీటు పాటల్ని కూడా తోసెయ్యకండి. అందులో పాడే పిల్లలు ఆ ఊళ్లవాళ్లే, వాళ్ల యాస మనదే. నా బాధ ఒక్క జముకు గురించే. బోలు గుల్లకు అడుగున తోలు, ఆ తోలు మధ్యలోంచి వచ్చే ఒక్కటే తీగ. తీగను లాగిపట్టి మీటుతుంటే, బిగువు పెంచినప్పుడు ధ్వని పైకి లేస్తుంది, వదిలినప్పుడు కిందికి జారుతుంది. కథ చెప్పేవాడి మాట ఎటు వెళ్తే అది అటు వెళ్తుంది. దాని మీద కంప్యూటర్ బీటు వేస్తే ఆ జారుడు మొత్తం కప్పడిపోతుంది. మంచి హెడ్‌ఫోన్స్‌తో, బీటు లేని రికార్డింగ్ ఒక్కటి వినండి. విన్నాక కింద కామెంట్లో కళాకారుల పేర్లు, ఊరు అడగండి. చాలా వీడియోల్లో అవి రాయరు. మీరు అడిగితే పెట్టినవాళ్లు రాస్తారు, తర్వాత వెతికేవాళ్లకు దొరుకుతాయి.

ప్రశ్న: తెలుగు ర్యాప్, రాక్, సినిమాతో సంబంధం లేని ఇండీ పాటలు వింటాను. మేం స్ట్రీమింగ్‌లో వింటే వాళ్లకేమైనా ముడుతుందా? పాకెట్ మనీతో ఏం చెయ్యగలను?
ఓ విద్యార్థిని, మధురవాడ

జవాబు: ముడుతుంది గానీ తక్కువే. స్పాటిఫైలో పాట 30 సెకన్లు దాటి వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. 2024 నుంచి ఇంకో నిబంధన వచ్చింది. గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వరు. పేరున్నవాళ్లకు ఇది లెక్కే కాదు. మీ క్లాసులో కుర్రాడు పెట్టిన మొదటి పాటకు మాత్రం మీరూ మీ ఫ్రెండ్సూ కలిసి వినడం నిజంగానే తేడా తెస్తుంది. కాబట్టి పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఏమిటంటే, పూర్తిగా వినండి, సేవ్ చెయ్యండి, ఫాలో నొక్కండి.

ఎప్పుడైనా డబ్బు పెట్టగలిగితే ఆ కళాకారులు బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నారేమో చూడండి. అక్కడ పాటను కొనుక్కోవచ్చు. డిజిటల్ అమ్మకంలో మామూలుగా 15 శాతం ఆ సైట్ తీసుకుంటుంది. 2020 మార్చిలో, కొవిడ్‌తో కచేరీలు ఆగిపోయినప్పుడు, తన వాటా వదులుకునే శుక్రవారాలు మొదలుపెట్టింది. ఆ బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేలు ఇప్పటికీ కొన్ని నెలల్లో ఉంటున్నాయి. తేదీలు ముందే ప్రకటిస్తారు, ఆ రోజు కొంటే కళాకారుడికి ఎక్కువ వెళ్తుంది. చాలామంది ‘మీకు తోచినంత’ అని ధర పెడతారు, వంద రూపాయలైనా పరవాలేదు. కొనే ముందు బ్యాంకు యాప్‌లో మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, లేకపోతే పేమెంట్ ఆగిపోతుంది.