గోడ వంకరగా ఉంటే వంకరగానే గీయి

చిత్తూరు

అమ్మీ,

మీ అవ్వ వాళ్ళ తొట్టికట్టు ఇంటికి (నడుమ ఆరుబయలు వదిలి చుట్టూ కట్టిన ఇల్లు) కొలతలు తీసి డ్రాయింగులు గీస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమైందో! ముప్పయ్యేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నా.

మొదట ముంగిట్లో ఆ స్తంభాల దగ్గర కాసేపు నిలబడు. ఇల్లు కట్టినప్పుడు చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మీ ముత్తాత మద్రాసులో చూసొచ్చి, అట్లాంటివే కావాలన్నాడట. అవి గ్రీకుల కొరింథియన్ పద్ధతివి. అసలైతే వాటి తల మీద రంపపు అంచుల అకాంథస్ ఆకులుండాలి. మన మేస్త్రీ ఆ మొక్కను ఎక్కడ చూసుంటాడు? మామిడాకులు పెట్టాడు, నడిమి ఈనెతో సహా. నువ్వు పుస్తకం చూసి వాటిని సరిదిద్దకు. ఆ ఈనె కోసమే ఈ డ్రాయింగు.

కమాన్లు గీసే ముందు ఒక పొద్దున చంద్రగిరి రాజమహల్ చూసిరా. విజయనగర రాజుల కాలం నాటి మూడంతస్తుల కట్టడం. గోడల్లో మొనదేలిన కమాన్లు, పైన గుడి శిఖరాల్లాంటివి. 1892లో పూర్తయిన మద్రాసు హైకోర్టులాంటి ఇండో సారసెనిక్ (హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కలిపిన) భవనాల్లోనూ ఈ రకం కలయికే కనిపిస్తుంది.

ఇక కొలతలు. గోడ మూలలో టేపు సున్నా పెట్టి, దాన్ని కదపకుండా కిటికీ ఈ అంచు, ఆ అంచు, తలుపు అంచు అని వరసగా చదువు. ముక్కలుగా కొలిచి కూడితే ముక్కకో పావు అంగుళం తప్పు చేరి చివరికి గోడే పొడుగైపోతుంది. అడుగులు, అంగుళాల్లోనే తీసుకో, మేస్త్రీ కట్టింది ఆ లెక్కలోనే. స్తంభానికి దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తే అడ్డకొలత వస్తుంది. అడుగున, మూడోవంతు ఎత్తులో, మెడ కింద మూడు చోట్లా చుట్టు. పైకి పోయేకొద్దీ సన్నబడే తీరు అప్పుడే తెలుస్తుంది. గచ్చు అంచుల వంపులకు మెత్తటి సీసం తీగ నొక్కి, మెల్లగా తీసి, కాగితం మీద పెట్టి దాని వెంబడే పెన్సిల్‌తో గీసుకో.

ప్రతి గదికీ రెండు కర్ణాలూ, అంటే మూల నుంచి ఎదురు మూలకు ఉండే దూరాలు, కొలువు. రెండూ సమానంగా రాకపోతే గది వంకరన్నమాట. ఇది మాత్రం వదలొద్దు. నాకు పాతికేళ్ళప్పుడు ఒక పాత ఇంట్లో ఒక కర్ణం రెండోదానికంటే ఐదంగుళాలు ఎక్కువొచ్చింది. తప్పు నాదేనేమోనని టెన్షన్ పడి, ఆఫీసులో మాటొస్తుందని గదిని చదరంగా గీసేశాను. ఆ గోడ పాత వీధి వంపు వెంబడి కట్టిందని తర్వాతెప్పుడో అర్థమైంది. అప్పటికే రోడ్డు వెడల్పు పనిలో ఇల్లు పోయింది. ఇప్పుడు మిగిలింది నా డ్రాయింగు ఒక్కటే, అదీ తప్పుది. ఇవాళ్టికీ తలుచుకుంటే మనసు బాధగా ఉంటుంది.

ముత్తాత పెట్టెలో నీలి కాగితం మీద తెల్లగీతల ప్లాన్లు దొరికితే ఎండలో ఆరబెట్టొద్దు, వెలుగుకు ఆ నీలం వెలిసిపోతుంది. లామినేషన్ అసలొద్దు. నీడలో ఫోటోలు తీసి మళ్ళీ చీకట్లోనే పెట్టెయ్. గుడ్డ మీద గీసినవి ఉంటే చేతి చెమట కూడా తగలనివ్వకు. ఆ గుడ్డకు గంజి పట్టించి ఉంటుంది, నీటిబొట్టు పడితే మచ్చ పోదు.

పెట్టె తాళంచెవి మీ అత్త దగ్గరుంది. పొద్దున ఆరున్నరకల్లా రా, టేపు రెండో కొస నేను పట్టుకుంటా.

మీ మామ