వేలానికి వెళ్లేముందు మా అబ్బాయికి ఒక ఉత్తరం

చిరంజీవి నాన్నకు,

పెద్దమ్మ ఆశీస్సులతో వ్రాయునది. ఆ కబడ్డీ జట్టుకు నిన్ను కోచ్‌గా తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. వరుసగా పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టును ఇంత చిన్నవయసువాడి చేతిలో పెట్టారంటే, నీ మీద నిజంగా నమ్మకమైనా ఉండాలి, పాతవాళ్లెవరూ ఒప్పుకోకపోయైనా ఉండాలి. రెండింటిలో ఏదైనా నాకు గర్వమే. మన ఇంట్లో నేను కాక కబడ్డీతో అన్నం తిన్నవాడివి నువ్వొక్కడివే. అయితే ఆ కబురుతోపాటు మీ అమ్మ ఇంకొక మాట కూడా చెప్పింది, దానితోనే ఈ ఉత్తరం రాయక తప్పలేదు. వేలంలో ఒక్క పెద్ద రైడర్‌ను, అంటే కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చేవాడిని, పట్టుకుంటే సగం పని అయిపోయినట్టేనని నువ్వు అన్నావట.

వేళకు సాధన, తిండి, నిద్ర, బరువు, ఫిజియో, ప్రత్యర్థుల వీడియోలు, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. వాటి గురించి నేను ఒక్క మాట కూడా రాయను. ఆ ‘సగం పని’ గురించి మాత్రం రాస్తాను, ఓపికగా చదువు.

2022 ప్రో కబడ్డీ లీగ్ వేలంలో తమిళ్ తలైవాస్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2.26 కోట్లకు కొన్నది నీకు గుర్తుండే ఉంటుంది. తొలి మ్యాచ్‌లోనే అతని మోకాలికి దెబ్బ తగిలి, సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆ జట్టు పని అయిపోయిందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. సీజన్ మధ్యలో కోచ్ కూడా మారి, ఆషన్ కుమార్ వచ్చాడు. అప్పుడే మొదటి సీజన్ ఆడుతున్న నరేందర్ అనే కుర్రవాడు 243 రైడ్ పాయింట్లు తెచ్చాడు, సాగర్, సాహిల్ రెండు మూలలూ కాశారు, అంతకు ముందెన్నడూ ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు సెమీఫైనల్‌కు వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడింది.

మరుసటి సీజన్‌కు అదే పవన్‌ను మన తెలుగు టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలకు కొన్నది. జట్టు మొత్తానికి ఖర్చు పెట్టవలసిన సొమ్ము అయిదు కోట్లు, అందులో సగానికి పైగా ఒక్కడి మీదే పోయింది. అతను ఏ లోటూ చేయలేదు, రెండు వందలు దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టుకు నాయకుడు కూడా అతనే. అయినా టైటాన్స్ 22 మ్యాచుల్లో రెండే గెలిచి, వరుసగా మూడో ఏడాది ఆఖరి స్థానంలో నిలిచింది. ఒకే ఆటగాడు: అతను లేనప్పుడు ఒక జట్టు సెమీస్‌కు వెళ్లింది, అతను ఉన్నప్పుడు ఇంకొక జట్టు అడుగున పడింది. దీన్ని అతని తప్పుగా చూసేవాళ్లకు కబడ్డీ తెలియదు.

నీకు తెలిసిందే అయినా చెబుతాను. ఎంత గొప్ప రైడరైనా పట్టుబడక మానడు. పట్టుబడితే బెంచి మీద కూర్చోవలసిందే, తనవాళ్లు పాయింటు తెచ్చేదాకా లేవలేడు. అవతలి జట్టు ఆట కూడా అక్కడే ఉంటుంది. అతన్ని బయటకు పంపడం, తర్వాత పాయింటు రాని ఖాళీ రైడ్లు రెండు చేయించడం, మూడోది ‘డూ ఆర్ డై’ (పాయింటు తేకపోతే రైడరే అవుట్) కాగానే భయపడుతూ వచ్చిన రెండో రైడర్‌ను పట్టుకోవడం, ఆలౌట్ చేయడం. అందుచేత జట్టంటే ఆ పెద్ద రైడర్ మ్యాట్ మీద ఉన్నప్పటి ఏడుగురు కాదు, అతను బెంచి మీద ఉన్నప్పుడు లోపల మిగిలిన ఆరుగురు. నిన్ను కోచ్‌గా పెట్టింది ఆ ఆరుగురి కోసమే.

ఖరీదైన ఆటగాడిని కొనడమే తప్పని అనుకోకు. టైటాన్స్ పవన్‌ను కొన్న వేలంలోనే పుణెరి పల్టన్ ఇరాన్ డిఫెండర్ షాద్లూయికి 2.35 కోట్లు పెట్టింది. ఆ సీజన్ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, 2024 మార్చి 1న 28-25 తేడాతో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు పట్టుకెళ్లారు. కానీ అక్కడ అస్లం, మోహిత్, ఆకాశ్, పంకజ్ లాంటి కుర్రవాళ్లు అప్పటికే కలిసి ఆడుతూ ఎదిగారు. ఉన్న ఇంటికి వాళ్లు తలుపు బిగించుకున్నారు. నువ్వు గోడలు లేనిచోట తలుపు కొనబోతున్నావు.

ఇప్పుడు నేను ఎవరికీ రాయని సంగతి ఒకటి రాస్తాను. నేను డిపార్ట్‌మెంట్ జట్టుకు లెఫ్ట్ కార్నర్‌లో ఆడే రోజుల్లో మాకొక రైడర్ ఉండేది. కూతకు వెళితే ఉత్త చేతులతో వచ్చేది కాదు. మా కోచ్ (ఆయన పేరు ఇక్కడ అనవసరం, చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి) ప్రతి కీలకమైన కూతకూ ఆమెనే పంపేవాడు. మిగిలిన ఇద్దరు రైడర్ల పని ఒక్కటే, గీత దాటి, పట్టుబడకుండా వెనక్కి వచ్చేయడం. వాళ్లలో ఎవరైనా చొరవ చేసి పట్టుబడితే మట్టి కోర్టు చుట్టూ పరుగెత్తించేవాడు. పట్టుబడకుండా తిరిగి వస్తే మెచ్చుకునేవాడు. రెండేళ్లు అలా గడిచింది. మేం గెలిచాం కూడా, అందుకే ఎవరూ ప్రశ్నించలేదు.

రెండో ఏడాది ఆమె కుడి మోకాలు వాయడం మొదలైంది. పొద్దున క్రేప్ బ్యాండేజీ కట్టుకుంటే సాయంత్రం విప్పేసరికి చర్మం మీద అచ్చులు పడి ఉండేవి, వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపటికి గాని పైకి లేచేది కాదు. ఆ గుంట నేను నొక్కి చూశాను. ‘టోర్నమెంట్ అయ్యాక చూద్దాం’ అన్నాడు కోచ్, ఆమె కూడా సరేనంది, ఎందుకంటే పర్మనెంట్ ఉద్యోగం ఆ టోర్నమెంటు మీదే ఆధారపడి ఉంది. సెమీఫైనల్లో మేం ముందంజలో ఉండగా ఆమె కూత ముగించి వెనక్కి తిరగబోయింది, కాలు అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. నలుగురం మోసి బయటకు తెచ్చాం.

తర్వాత ఆ ఇద్దరు రైడర్లు కూతకు వెళ్లారు. అలవాటు ప్రకారం గీత దాటారు, వెనక్కి వచ్చారు. వెళ్లి పాయింటు తెమ్మని కోచ్ గట్టిగా అరిచాడు. ఎలా తేవాలో వాళ్లకు ఎవరు నేర్పారు? రెండేళ్లుగా తేవద్దనే కదా నేర్పింది! అవతలివాళ్లు అది గ్రహించి ముందుకు జరిగి గొలుసు కట్టి నిలబడ్డారు. మాకు రెండుసార్లు లోనా పడింది, అంటే జట్టంతా ఆలౌటయ్యాం. ఆ రోజు బస్సులో అందరూ ఆ ఇద్దరినీ పిరికివాళ్లన్నారు, నేను మాత్రం నోరెత్తలేదు. వాళ్లు పిరికివాళ్లు కారు నాన్నా, అలవాటు లేనివాళ్లు. మోకాలు విరగడం ప్రమాదమే కావచ్చు, ఆ రెండేళ్లు మాత్రం ప్రమాదం కాదు. ఆ రైడర్ మీ అక్క పెళ్లికి వచ్చింది, నువ్వు చూసే ఉంటావు, పంక్తిలో కూర్చోలేక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కాలు చాపి భోజనం చేసింది.

అందుకే మోకాళ్ల గురించి నేను చెప్పేది చాదస్తం అనుకోకు. డాక్టరు వద్దన్న ఆటగాడిని ఫైనల్ అయినా దించవద్దు. నొప్పి లేదని ఆటగాడు చెబితే నమ్మవద్దు, వాళ్లు అబద్ధం చెబుతారు, వాళ్ల కుటుంబాలు ఆ జీతం మీద బతుకుతున్నాయి. వాడు మెట్లు దిగుతుంటే వెనక నిలబడి కాళ్లు చూడు. నొప్పి చెప్పిన కుర్రవాడి చోటు పోదని మొదటి రోజే అందరి ముందూ మాట ఇవ్వు, ఇచ్చాక నిలబెట్టుకో. యజమానులు ఆ మాట మీద నిన్ను నిలదీస్తే నా పేరు చెప్పు. నవ్వకు, నేను వచ్చి మాట్లాడతాను.

ఇక సాధన సంగతి. కొత్తగా ఏదైనా చేయాలని నీకుంటే ఇక్కడ చెయ్యి. శిబిరంలో ఆడే ప్రతి ఆటలోనూ నీ మొదటి రైడర్‌ను సగంసేపు బెంచి మీద కూర్చోబెట్టు. ఆటను సున్నా-సున్నా దగ్గర మొదలుపెట్టే అలవాటు మానుకో. నాలుగు పాయింట్లు వెనకబడ్డాం, నాలుగు నిమిషాలే మిగిలాయి, లోపల ముగ్గురే ఉన్నారు, అక్కడి నుంచి మొదలుపెట్టు. ముగ్గురితో పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు, కాబట్టి అది విషాదం కాదని, అవకాశమని వాళ్ల ఒంటికి అలవాటు కావాలి. ‘డూ ఆర్ డై’ రైడ్‌కు రోజుకొకరిని పంపు, కవర్‌లో ఆడే డిఫెండర్‌ను కూడా పంపు. పట్టుబడితే తిట్టవద్దు. ఖాళీగా తిరిగి వచ్చినవాడిని మాత్రం ఎందుకు వచ్చావని అడుగు. ఓడిన ఆట వీడియోను పదిమందిలో ఆపి ఆపి తప్పులు చూపించడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు, ఓడీ ఓడీ ఉన్నవాడికి దానివల్ల కార్నర్‌లో కాళ్లు వణకడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒక్కొక్కరిని పిలిచి చూపించు, ముందు వాడినే మాట్లాడనివ్వు.

కెప్టెన్‌గా వీలైతే డిఫెండర్‌ను పెట్టు. రైడర్ ఎక్కువసేపు బెంచి మీద ఉంటే కెప్టెన్సీ కూడా బెంచి మీదే ఉంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, గొప్ప రైడర్ కెప్టెన్లు లేకపోలేదు. నేను కార్నర్ దాన్ని కాబట్టి అలా అంటున్నానని నువ్వు అనుకున్నా పరవాలేదు.

ఓపిక పట్టమని నీ కోపం తెలిసే చెబుతున్నాను. ఐపీఎల్ క్రికెట్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆఖరున ఉండి, 2009లో కప్పు గెలిచిన మాట నిజమే. ఆ ఫైనల్లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుటైనా మిగిలినవాళ్లు 143 పరుగులు చేసి, ఆరు పరుగుల తేడాతో కాపాడుకున్నారు. అలాంటి ఏడాది అందరికీ రాదు. టైటాన్స్‌నే చూడు, కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చిన మొదటి సీజన్లో 12 మ్యాచులు గెలిచినా ఏడో స్థానంతో ప్లేఆఫ్స్ అందలేదు. మరుసటి ఏడు, 2025లో, పవన్ లేకుండానే, విజయ్ మలిక్ కెప్టెన్సీలో ఫైనల్‌కు ఒక్క మెట్టు కిందుండే రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లారు. కాబట్టి మొదటి ఏడాది ఏడో స్థానం వస్తే యజమానుల ముందు తలవంచుకోకు, ఆ సంగతి సంతకం చేసేముందే వాళ్లతో మాట్లాడుకో. రెండేళ్ల ఒప్పందం ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి, ఎలా అడగాలో చెబుతాను. కెమెరా ముందు ఏ ఆటగాడి పేరూ ఎత్తి విమర్శించకు. నీ పదహారో ఏట ఓడిపోయి వచ్చి అన్నం కంచం నెట్టేసిన రోజు నిన్ను కొట్టాను, గుర్తుందా? ఇప్పుడు కొట్టలేను, అందుకే రాస్తున్నాను.

మీ అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి, గెలిచిన రోజే కాదు. వేలానికి వారం ముందు ఒకసారి ఇక్కడికి రా. జాబితా కాగితాల మీద అచ్చు వేయించుకుని తీసుకురా, ఆ ఫోన్‌లో చిన్న అక్షరాలు నాకు కనిపించవు. పై పది పేర్ల గురించి టీవీవాళ్లు చెబుతూనే ఉంటారు. మనం ఆఖరి పేజీ నుంచి మొదలుపెడదాం. తక్కువ ధరకు వచ్చే రైడర్లలో ఎవరు పట్టుబడ్డాక కూడా మళ్లీ లోపలికి వెళ్లారో చూసి పెట్టాను, ఒక నోటు పుస్తకం నిండా ఉన్నారు.

ఇట్లు,
నీ పెద్దమ్మ