గుడ్డ తిప్పగానే కాలు ఆగుతోందా? ముందు సూదిని ఆపండి

అమలాపురం అమ్మాయిగారూ, కాలిమిషను మీద గుడ్డ తిప్పగానే కాలు ఆగిపోతోందని, చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతోందని రాశారు. మీ కాళ్ళలో లోపమేం లేదండీ.

కుడిచేతినీ కుడికాలినీ నడిపేది ఎడమ మెదడే. రెండిటికీ చోట్లు వేరైనా, వాటి కదలికలు ఒకదాన్నొకటి లాగుతాయి. చెయ్యీ పాదమూ ఒకేవైపు ఆడించడం తేలిక. ఎదురెదురుగా వేగంగా ఆడిస్తే కాసేపటికి రెండూ ఒకే దిక్కుకి వచ్చేస్తాయి. దీన్ని 1982లోనే ఇటలీ శాస్త్రజ్ఞులు చూపించారు. కుర్చీలో కూర్చుని చేసి చూడండి, నవ్వొస్తుంది.

ఇక మందు. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు చేతిచక్రం మధ్య మర వదులు చేస్తాం కదా, అలా చేసి సూది కదలకుండా ఉత్తి తొక్కుడే తొక్కండి. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతున్నా లయ తప్పకూడదు. అప్పుడు కాలిపని చిన్నమెదడు చూసుకుంటున్నట్టు, మీ ధ్యాస చేతికి మిగులుతుంది. ఆ తర్వాత మర బిగించి, దారం లేకుండా గీతల కాగితం మీద కుట్టండి. మొదలెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పితే వెనక్కి పోదు.

గుడ్డని మాత్రం తోయకండి, సూది కిందుండే మిషను పళ్ళే దాన్ని లాక్కుంటాయి. మోటారు పెట్టించుకోమనే సలహా ఇప్పుడే వినొద్దు.